పేరు అడగని తలుపు



కర్ణుడి కథ మనలో ఎవరికి తెలియదు? పెళ్ళికాని కుంతి, కన్నబిడ్డను పెట్టెలో పెట్టి ఏట్లో వదిలిందని చిన్నప్పటినుంచీ వింటూనే ఉన్నాం. అయితే ఆ కథలో ఒక చిన్న సంగతి మనం అంతగా పట్టించుకోం. కుంతి బిడ్డను నీళ్ళలో పారెయ్యలేదు. దాదితో ఆలోచించి, పెట్టె తెప్పించి, నీరు చొరకుండా మైనం పట్టించి, లోపల మెత్తగా పక్క పరిచి, అప్పుడు వదిలింది. బిడ్డ బతకాలి, ఎవరో ఒకరి చేతుల్లో పడాలి, తన పేరు మాత్రం బయటికి రాకూడదు. ఈ మూడు కోరికలూ ఆ పెట్టెలో ఉన్నాయి.

మనం పేపర్లో చదివే వార్త వేరు. తెల్లవారుజామున చెత్తకుండీ పక్కన పసికందు. ముళ్ళపొదలో ఏడుపు విని ఎవరో తీసి ఆస్పత్రిలో చేర్చారు. “అదీ ఒక తల్లేనా!” అని కాఫీ గ్లాసు కింద పెట్టి పేజీ తిప్పేస్తాం. అనడం సులువే. మరి ఆ పిల్లకి ఆ రాత్రి పెట్టె ఎవరిచ్చారు, ఏరు ఎటుంది, అవతలి ఒడ్డున అందుకునేవాళ్ళు ఎవరున్నారు అని మాత్రం ఎవరూ అడగరు.

అందుకునే చేతుల్ని ఒక గోడ వెనక కూర్చోబెట్టి, “పేరు చెప్పక్కర్లేదు, బిడ్డను ఇచ్చి వెళ్ళు” అన్న తలుపులు లోకంలో కొన్ని చోట్ల ఉండేవి. ఇప్పుడూ ఉన్నాయి. వాటి చరిత్ర ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. అదే ఇవాళ మీతో ముచ్చటిద్దామని వచ్చాను.

కథ ఇటలీలో మొదలవుతుంది. రోము నగరంలో టైబర్ నది మీద చేపలు పట్టే జాలర్ల వలల్లో పసిపిల్లల శవాలు పడుతుండేవట. అది చూసి తట్టుకోలేక పోపు మూడవ ఇన్నోసెంటు తన ఆస్పత్రిలో అనాథ శిశువులకు చోటిచ్చాడని చెప్పుకుంటారు. ఆయన 1198లో పీఠమెక్కాడు. జాలర్ల వలల మాట ఐతిహ్యమే కావచ్చు గానీ, ఆ కాలం నుంచీ ఇటలీ ఊళ్ళలో ఒక వింత ఏర్పాటు వాడుకలోకి వచ్చింది. దాన్ని “రువోటా” అనేవారు. అంటే చక్రం. పేరుకి చక్రమే గానీ, చూడటానికి నిలువుగా నిలబెట్టిన పెద్ద పీపా లాగా ఉండేది. ఆస్పత్రి గోడలో దాన్ని అమర్చేవారు. ఒక పక్క మాత్రమే తెరిచి ఉంటుంది. తల్లి వీధిలో నిలబడి బిడ్డను అందులో పడుకోబెట్టి పీపాను తిప్పుతుంది. తెరిచిన పక్క గోడ లోపలికి వెళుతుంది. గంట తాడు లాగుతుంది. లోపల రాత్రంతా కాపలా ఉండే ఆవిడ వచ్చి బిడ్డను ఎత్తుకుంటుంది. వీధిలో ఎవరున్నదీ లోపలివాళ్ళకి కనపడదు. ఎత్తుకున్న చేతులు ఎవరివో వీధిలో తల్లికీ కనపడదు.

ఫ్లారెన్సు నగరంలో కట్టిన ఆశ్రమం వీటన్నిటిలోకీ పేరుపడ్డది. పట్టు వర్తకుల సంఘం డబ్బు పెట్టింది. బ్రునెలెస్కి అనే గొప్ప వాస్తుశిల్పి 1419లో పని మొదలుపెట్టాడు. 1445లో తలుపులు తెరిచారు. దాని పేరు “ఇన్నొచెంతి”, అంటే పాపమెరుగనివారి ఇల్లు. ఈ పేరు నాకెంతో నచ్చింది. బిడ్డలు పాపమెరుగనివాళ్ళని రాజ్యం నడిపే పెద్దమనుషులు రాతి మీద చెక్కించి ఒప్పుకున్నారన్నమాట. మన దగ్గర ఇప్పటికీ “ఎవరి పాపమో” అనే మాట ఎంత తేలిగ్గా నోట్లోంచి వచ్చేస్తుందో మీకు తెలుసు.

ఆ ఇంటికి చేరిన మొట్టమొదటి బిడ్డ ఆడపిల్ల. 1445 ఫిబ్రవరి 5వ తేదీన వచ్చింది. ఆ రోజు ఆగతా అనే పునీతురాలి పండుగ కాబట్టి ఆగతా స్మెరాల్డా అని పేరు పెట్టారు. అక్కడ మొదట్లో చక్రం లేదు, వసారాలో ఒక రాతి తొట్టె ఉండేది. తర్వాత, 1660 ప్రాంతంలో, ఇనుప కమ్మీల కిటికీ పెట్టారు. ఆ కమ్మీల మధ్య సందు సరిగ్గా అప్పుడే పుట్టిన బిడ్డ పట్టేంత. కాస్త పెద్ద పిల్లల్ని తెచ్చి వదిలిపోకుండా ఉండాలని! చూశారా, దయకి కూడా కొలత పెట్టాల్సి వచ్చింది.

ఆ ఇంటి వసారా స్తంభాల పైన, నీలిరంగు గుండ్రటి పలకల మీద, పొత్తిగుడ్డల్లో చుట్టిన పసిబిడ్డల బొమ్మలు వరసగా ఉంటాయి. ఆంద్రేయా డెల్లా రోబియా అనే శిల్పి కాల్చిన మట్టితో చేసినవి. ఆ భవనం ఇప్పటికీ ఉంది. పిల్లల సంస్థ ఉంది, చిన్న మ్యూజియం కూడా ఉంది. ఆ మ్యూజియంలో చూడవలసినవి విరిగిన నాణేలు, సగం సగం పతకాలు. తల్లి ఒక పతకాన్ని రెండు ముక్కలు చేసి, ఒకటి బిడ్డ పొత్తిళ్ళలో పెట్టి, రెండోది తన దగ్గర ఉంచుకునేది. ఏనాటికైనా రోజులు బాగుపడితే ఆ ముక్క చూపించి బిడ్డను అడగొచ్చని. సగం పతకం మ్యూజియంలో ఇంకా ఉందంటే, రెండో సగం తిరిగి రాలేదనే కదా అర్థం.

ఆ బిడ్డలకు ఇంటిపేర్లు ఎలా వచ్చాయో కూడా వినండి. ఫ్లారెన్సులో చాలామందికి “ఇన్నొచెంతి” అనే పేరే ఇంటిపేరయింది. నేపుల్సులో “ఎస్పొసితొ” అని పెట్టేవారు. ఆరుబయట వదిలేసిన బిడ్డ అని దాని అర్థం. ఇప్పుడు ఇటలీలో ఆ ఇంటిపేరు గలవాళ్ళు కొల్లలు. డాక్టర్లున్నారు, ఆటగాళ్ళున్నారు. ఆ పేరు వెనక ఎప్పుడో ఒక రాత్రి, ఒక గోడ, ఒక గంట ఉన్నాయన్న సంగతి వాళ్ళకి రోజూ గుర్తుకు రాదు.

ఇక లండన్ సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దయ ఎక్కడ దారి తప్పుతుందో ఇందులో బాగా తెలుస్తుంది.

థామస్ కోరం అని ఒక ఓడ కెప్టెను. సముద్రాల మీద తిరిగి తిరిగి, వయసు మళ్ళాక లండన్ పొలిమేరలో కాపురం పెట్టాడు. తెల్లవారుజామున నగరంలోకి నడిచి వెళుతుంటే రోడ్డు పక్కన పసిపిల్లలు, కొందరు చచ్చీ, కొందరు చావబోతూ కనపడేవారు. ఆయన ఊరుకోలేదు. వీళ్ళకో ఇల్లు కావాలని పదిహేడేళ్ళు కాళ్ళరిగేలా తిరిగాడు. మగ దొరలు ముందు ఒప్పుకోలేదు. అలాంటి పిల్లలకి ఇల్లు కడితే చెడు నడతని మనమే ప్రోత్సహించినట్టవుతుందన్నారు. ఈ వాదం ఏ దేశంలోనైనా, ఏ శతాబ్దంలోనైనా ఒకేలా ఉంటుంది! అప్పుడాయన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళాడు. గొప్ప కుటుంబాల స్త్రీలు 21 మంది ఆయన అర్జీ మీద సంతకాలు పెట్టారు. వాళ్ళ పేర్లు చూశాకే వాళ్ళ భర్తలూ, అన్నదమ్ములూ కదిలారు. 1739లో రాజు పట్టా ఇచ్చాడు. 1741 మార్చి 25 రాత్రి తలుపు తెరిచారు. ఆ రాత్రి 30 మంది బిడ్డల్ని తీసుకున్నారు. ఇక చోటు లేదని చెప్పాల్సి వచ్చింది. బయట ఇంకా తల్లులు నిలబడే ఉన్నారు.

చోటు తక్కువ, వచ్చేవాళ్ళు ఎక్కువ. ఏం చెయ్యాలి? 1742 నుంచి ఒక పద్ధతి పెట్టారు. సంచిలో రంగురంగుల బంతులు వేసి తల్లిని ఒకటి తియ్యమనేవారు. తెల్ల బంతి వస్తే బిడ్డను తీసుకుంటారు. నల్ల బంతి వస్తే బిడ్డతో సహా వెనక్కి నడవాలి. ఎర్ర బంతి వస్తే కాసేపు ఆగాలి. తెల్ల బంతి వచ్చిన బిడ్డకి ఏదైనా అంటురోగం ఉందని తేలితే, ఎర్ర బంతి తల్లికి ఆ చోటు దక్కుతుంది. ఇంకొక బిడ్డకి జబ్బుంటే బాగుండునని ఒక తల్లి కూర్చుని ఎదురుచూడటం ఎలాంటిదో మీరే ఊహించుకోండి. దీన్ని చూడటానికి పట్నంలోని గొప్పింటి వాళ్ళు కూడా వచ్చి కూర్చునేవారట.

ఆ తర్వాత పార్లమెంటు డబ్బిచ్చింది. వచ్చిన ప్రతి బిడ్డనూ తీసుకోవాలని షరతు పెట్టింది. 1756 జూన్ 2న గేటు దగ్గర బుట్ట వేలాడదీసి గంట కట్టారు. మొదటి రోజే 117 మంది! 1760 మార్చి వరకూ, నాలుగేళ్ళు తిరక్కముందే, 15,000కి కాస్త తక్కువగా బిడ్డలు వచ్చిపడ్డారు. దూరపు పల్లెల నుంచి బిడ్డల్ని గంపల్లో పెట్టి మోసుకొచ్చే వ్యాపారం తయారయింది. దారిలోనే ఎందరో పోయేవారు. వచ్చినవాళ్ళకి పాలిచ్చే దాదులు చాలలేదు. ఆ 15,000 మందిలో పెరిగి పెద్దయి పనిలో కుదిరిన వాళ్ళు దాదాపు 4,400 మంది. అంటే పదిమందిలో ముగ్గురు. తలుపు తెరిచారు సరే, తలుపు వెనక పాలు లేవు.

పార్లమెంటు భయపడి డబ్బు ఆపేసింది. ఆ పైన ఆశ్రమం వాళ్ళు అర్జీల పద్ధతి పెట్టారు. తల్లి స్వయంగా వచ్చి మగవాళ్ళ కమిటీ ముందు నిలబడి, ఎలా జరిగింది, ఎవరు ఏమని మాటిచ్చారు, నీ నడత ఎలాంటిది అనే ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాలి. పేరు అడగని తలుపు కాస్తా, పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగే తలుపయింది. మొదటి పద్ధతిలో బిడ్డలు చచ్చారు, రెండోదాంట్లో తల్లులు సిగ్గుతో చచ్చారు.

లండన్లోనూ తల్లులు గుర్తులు వదిలేవారు. బొత్తాము, ఉంగరం, గీతలు గీసిన నాణెం. ఏమీ లేనివాళ్ళు కట్టుకున్న గౌనులోంచి గుడ్డపీలిక కత్తిరించి ఇచ్చేవారు. ఆశ్రమం గుమాస్తా ఆ పీలికను కాగితానికి గుండుసూదితో గుచ్చి దస్త్రంలో పెట్టేవాడు. అలా దాచిన గుడ్డముక్కలు వేలకొద్దీ ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలపు బీదసాదలు ఎలాంటి బట్టలు కట్టారో తెలుసుకోవాలంటే చరిత్రకారులకు అంతకన్నా పెద్ద నిధి లేదు. అవి మిగిలింది మాత్రం ఎందుకో ఆలోచిస్తే మనసు అదోలా అవుతుంది. తిరిగివచ్చి బిడ్డల్ని తీసుకువెళ్ళిన వాళ్ళు బహు కొద్దిమంది. వాళ్ళలో ఒకావిడ కథ దస్త్రాల్లో ఉంది. 1767లో మగబిడ్డను వదిలింది. అతుకులు వేసి కుట్టిన చిన్న గుడ్డ మీద ఎర్ర దారంతో హృదయం బొమ్మ కుట్టి, దాన్ని సగానికి కత్తిరించి, ఒక సగం ఇచ్చింది. 1775లో, ఎనిమిదేళ్ళ తర్వాత, రెండో సగం పట్టుకుని వచ్చింది. పిల్లవాడు బతికే ఉన్నాడు. తీసుకువెళ్ళింది.

ఫ్రాన్సు గురించి రెండు ముక్కలే చెబుతాను. నెపోలియన్ 1811లో ఉత్తర్వు వేసి, దేశమంతటా జిల్లాల వారీగా ఇలాంటి చక్రాలు పెట్టించాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి సర్కారు పోషణలో ఉన్న పిల్లల సంఖ్య లక్ష దాటింది. ఖర్చు భరించలేక ఒక్కొక్కటే మూసేశారు. అంతకుముందు సంగతి ఒకటి ఉంది. పిల్లల్ని ఎలా పెంచాలో లోకానికి పాఠం చెబుతూ 1762లో “ఎమీల్” అనే గ్రంథం రాసిన రూసో మహాశయుడు, తనకు పుట్టిన ఐదుగురినీ పారిస్ అనాథాశ్రమంలో వదిలేశాడు. తనే ఆత్మకథలో ఒప్పుకున్నాడు. కన్నతల్లి ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. మరి ఆయన్ని ఎవరైనా “అదీ ఒక తండ్రేనా” అని వెలివేశారా? గొప్ప తత్వవేత్త అని సమాధి కట్టించారు.

ఈ పాశ్చాత్య చరిత్ర అంతా చూశాక నాకొకటి తట్టింది. ఈ చక్రాలన్నీ బిడ్డను లోపలికి తిప్పాయి, తల్లిని బయటే ఉంచాయి. నిండు నెలలతో ఆ పిల్ల ఎక్కడ తలదాచుకుంది? పురుడు ఎవరు పోశారు? బొడ్డు ఎవరు కోశారు? రక్తం కారుతూ, పచ్చి బాలింత, ఆ చలిలో గోడ దాకా ఎలా నడిచింది? గంట కొట్టి ఎక్కడికి పోయింది? ఆ లెక్కలు ఏ దస్త్రంలోనూ లేవు. ఈ ప్రశ్నలు వేసుకుని ఇల్లు తెరిచినవాళ్ళు మన దేశంలో ఒక దంపతులు.

పుణేలో జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి. సావిత్రీబాయి ఆడపిల్లలకు చదువు చెప్పిన సంగతి పుస్తకాల్లో ఉంది. బడికి వెళుతుంటే పేడ విసిరారని కూడా మనం విన్నాం. ఈ రెండో పని మాత్రం అంతగా ఎవరూ చెప్పరు.

ఆ రోజుల్లో పైకులాల్లో ఐదేళ్ళకీ ఎనిమిదేళ్ళకీ పెళ్ళి. మొగుడు ముఖం సరిగా చూడకముందే పోతాడు. తల గొరిగించి, ముతక చీర కట్టబెట్టి, వంటింటి మూల కూర్చోబెడతారు. వితంతువుకు మళ్ళీ పెళ్ళి చెయ్యొచ్చని 1856లోనే చట్టం వచ్చింది, కానీ చేసేవాళ్ళేరీ? ఆ ఇంట్లోనే మరిదో, బావో, పురాణం చెప్పే శాస్త్రులో ఆ పిల్ల మీద కన్నేస్తాడు. నెల తప్పితే తప్పంతా ఆమెది.

అలాంటి ఒక బ్రాహ్మణ వితంతువు, కాశీబాయి అనే ఆమె, పుణేలో ఫూలేగారి స్నేహితుల ఇంట్లో వంటపని చేసుకు బతికేది. గర్భం దాల్చింది. కడుపు పోవడానికి నాటు మందులన్నీ మింగింది. పోలేదు. బిడ్డ పుట్టాక చంపి బావిలో పడేసింది. కోర్టు యావజ్జీవ ద్వీపాంతరం విధించింది. ఆమెను ఆ స్థితికి తెచ్చినవాడికి ఏ శిక్షా పడలేదు. ఈ కేసు చూసి ఫూలే దంపతులు 1863లో తమ ఇంట్లోనే ఒక ఆశ్రయం తెరిచారు. మరాఠీలో “బాలహత్యా ప్రతిబంధక గృహం” అన్నారు. శిశుహత్యలు ఆపే ఇల్లు. ఊళ్ళో గోడల మీద కాగితాలు అంటించారు. వితంతువులారా, ఇక్కడికి వచ్చి గుట్టుగా, క్షేమంగా పురుడు పోసుకోండి, బిడ్డను మీతో తీసుకువెళతారో ఇక్కడ ఉంచుతారో మీ ఇష్టం, ఉంచితే మేం పెంచుతాం అని వాటి సారాంశం.

ఆ ప్రకటనలో ఎంత మర్యాద ఉందో చూడండి. బిడ్డను ఇచ్చెయ్యమని అడగలేదు. ఉంచుకోమని ఒత్తిడీ పెట్టలేదు. మీ ఇష్టం అన్నారు. పుణే నడిబొడ్డున, 1863లో, ఆడదాని ఇష్టం అనే మాట గోడకెక్కింది! పురుడు పోసి, పథ్యం పెట్టి, బాలింతకి నీళ్ళు పోసింది సావిత్రీబాయి. తనకు పిల్లలు లేరు. ఏళ్ళ తర్వాత, 1884లో, ఫూలే ఆ ఇంటి సంగతి రాస్తూ, అప్పటికి 35 మంది బ్రాహ్మణ వితంతువులు అక్కడ ప్రసవించారని చెప్పారు. ఆ పిల్లల్లో బతికి బట్టకట్టినవాళ్ళు కొద్దిమందే. కారణం కూడా ఆయనే రాశారు. గర్భం దాచుకోవాలని తల్లులు అంతకుముందే చేసుకున్న ప్రయత్నాల వల్ల కడుపులోనే బిడ్డలు దెబ్బతిన్నారు. ఇల్లు ఉందన్న కబురు ఆలస్యంగా అందినవాళ్ళ గతి అది.

1874లో ఇంకొక వితంతువుకు ఆ ఇంట్లో మగబిడ్డ పుట్టాడు. ఆ బిడ్డను ఫూలే దంపతులే దత్తత తీసుకున్నారు. యశ్వంత్ అని పేరు పెట్టి డాక్టరును చేశారు. 1890లో ఫూలే పోయినప్పుడు, దత్తపుత్రుడు తలకొరివి ఎలా పెడతాడని దాయాదులు తగాదా పెట్టుకున్నారు. సావిత్రీబాయి మాట్లాడకుండా ముందుకు వచ్చి నిప్పుకుండ తనే పట్టుకుని పాడె ముందు నడిచింది. 1897లో పుణేలో ప్లేగు వచ్చినప్పుడు డాక్టరు యశ్వంత్ వైద్యం చేస్తుంటే ఆమె రోగుల్ని మోసుకొచ్చేది. ఆ రోగమే ఆమెకూ అంటుకుంది. మార్చి 10న పోయింది.

పుణేని చూసి ఇంకో చోట కూడా కదిలారు. 1875లో పండరిపురంలో లాల్‌శంకర్ ఉమియాశంకర్ అనే న్యాయాధికారి ఇలాంటి ఇల్లే పెట్టించాడు. పండరిపురమే ఎందుకంటారా? అది యాత్రాస్థలం. గర్భం దాల్చిన వితంతువును తీర్థయాత్ర వంకతో తీసుకొచ్చి అక్కడ వదిలేసి వెళ్ళే బంధువులకు లోటు లేదు. విఠోబా గుడి చుట్టూ అలాంటివాళ్ళు ఎందరో.

మరి మన తెలుగు దేశం మాటేమిటి? 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేయించారు. అది ఇంకో రకం తలుపు. పెళ్ళే చేసేస్తే గుట్టుగా కనాల్సిన అవసరమే రాదు కదా! అలాగే మనందరికీ తెలిసిన కన్యాశుల్కం నాటకం గుర్తు చేసుకోండి. గిరీశం మాటలు నమ్మి అర్ధరాత్రి ఇల్లు వదిలిన బుచ్చమ్మ చివరికి ఎక్కడికి చేరింది? సౌజన్యారావు పంతులు ఆమెను పూనాలోని వితంతువుల హోముకి పంపే ఏర్పాటు చేశాడు. అది పండిత రమాబాయి లాంటివాళ్ళ పుణ్యమా అని వెలసిన ఆశ్రయాల కాలం. నాటకం చూసి గిరీశం మాటలకు నవ్వుకుంటాం గానీ, ఆ హోమే లేకపోతే బుచ్చమ్మ గతి ఏమయ్యేదో గురజాడవారు మనకే వదిలేశారు.

ఇరవయ్యో శతాబ్దంలో పాత చక్రాలు దాదాపు అన్నీ మూతపడ్డాయి. ఫ్లారెన్సు కిటికీని 1875లోనే మూసేశారు. తీరా చూస్తే శతాబ్దం చివర మళ్ళీ కొత్త రూపంలో వచ్చాయి. 1999లో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఒక చట్టం చేసింది. పసిబిడ్డను ఆస్పత్రిలోనో, ఫైరుస్టేషన్లోనో అప్పగిస్తే తల్లి మీద కేసు ఉండదని. దానికి ముద్దుపేరు మోషే చట్టం. మోషేను కూడా వాళ్ళమ్మ బుట్టలో పెట్టి నీళ్ళలోనే వదిలింది, చూశారా, మన కర్ణుడికి తోబుట్టువే! అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. నెబ్రాస్కా అనే రాష్ట్రం 2008లో చట్టం చేస్తూ వయసు రాయడం మరిచిపోయింది. ఇంకేం, పదేళ్ళ పిల్లల్నీ, పదిహేనేళ్ళ పిల్లల్నీ తెచ్చి వదలడం మొదలుపెట్టారు. ముప్ఫైమందికి పైగా వచ్చాక కంగారుపడి ముప్ఫై రోజుల లోపు బిడ్డలకే అని దిద్దుకున్నారు. ఫ్లారెన్సువాళ్ళ కమ్మీల సందు గుర్తొచ్చిందా? జర్మనీలో 2000లో గోడకి వెచ్చటి పెట్టెలు పెట్టారు. జపానులో కుమమోతో ఊరి ఆస్పత్రిలో 2007లో పెట్టిన ఉయ్యాలకి కొంగ ఉయ్యాల అని పేరు. పెట్టిన మొదటి రోజే అందులో దొరికింది పసిబిడ్డ కాదు, మూడేళ్ళ పిల్లవాడు.

మన దేశంలో ఉయ్యాల కథ తమిళనాడుది. అక్కడ పుట్టింది ఆడపిల్ల అని తెలియగానే వడ్లగింజో, జిల్లేడు పాలో గొంతులో పోసే ఊళ్ళు ఉండేవని 1980లలో బయటపడింది. ముఖ్యమంత్రి జయలలిత 1992లో సేలం జిల్లాలో ఉయ్యాలలు పెట్టించారు. చంపకండి, మాకివ్వండి అని. తర్వాత మదురై, తేని, దిండిగల్, ధర్మపురి జిల్లాలకీ పెంచారు. ఆ ఉయ్యాలల్లో పడినవాళ్ళలో అత్యధికులు ఆడపిల్లలే. కేరళలో 2002లో తిరువనంతపురంలో “అమ్మ తొట్టిల్” వచ్చింది. బిడ్డను పెట్టగానే లోపల గంట మోగుతుంది. అచ్చం పాత ఇటలీ పద్ధతి, కరెంటు ఒక్కటే ఎక్కువ. మన ఖమ్మం ప్రాంతపు నాయకురాలు రేణుకా చౌదరి కేంద్ర మంత్రిగా ఉండగా 2007లో, జిల్లాకొక ఉయ్యాల పెడతామన్నారు. ఆడపిల్లల్ని వదిలించుకోవడానికి సర్కారే దారి చూపిస్తోందని అప్పుడు పెద్ద రభస అయింది.

ఆ విమర్శ కొట్టిపారెయ్యదగ్గది కాదు. పెళ్ళయి, మొగుడూ అత్తమామలూ ఉన్న ఇంట్లో మూడో ఆడపిల్ల పుడితే ఉయ్యాలలో వేసిరమ్మనడం వేరు, దిక్కులేని పిల్ల గత్యంతరం లేక రావడం వేరు. మొదటిదాంట్లో తల్లి ఇష్టం ఎంతో ఎవరికి తెలుసు? పేరు అడగని ఉయ్యాల ఆ తేడా కనిపెట్టలేదు. అయినా, ఉయ్యాల తీసేస్తే మూడో ఆడపిల్ల బతుకుతుందన్న హామీ కూడా ఎవరూ ఇవ్వలేరు. నా మటుకు నేను, ఉయ్యాల ఉండాలనే వైపే ఉంటాను, పక్కన ఒక మనిషి కూడా ఉండాలంటాను.

మన ఉమ్మడి రాష్ట్రంలో మరో సంగతి జరిగింది. 1999లోనూ, 2001లోనూ, తండాల్లో పుట్టిన ఆడపిల్లల్ని దళారులు కొన్ని వందలకో వేలకో తల్లుల దగ్గర కొని, విదేశీ దత్తతలకు పంపే సంస్థలకు చేర్చిన వ్యవహారం బయటపడింది. నిబంధనలు బిగించారు. బిడ్డను అప్పగించడానికి ఒక పద్ధతీ, దానికో సాక్ష్యమూ ఎందుకుండాలో ఆ ఉదంతం చెప్పింది. ఊరూ పేరూ లేని అప్పగింతని దొంగ కూడా వాడుకుంటాడు.

ఇప్పుడు చట్టం ఏమంటోందో చెబుతాను, ఇది మనలో చాలామందికి తెలియదు. పన్నెండేళ్ళలోపు బిడ్డను తల్లిగానీ తండ్రిగానీ దిక్కులేకుండా వదిలేస్తే ఏడేళ్ళ వరకూ జైలు అని బ్రిటిషు కాలం నాటి శిక్షాస్మృతిలో ఉండేది. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త న్యాయ సంహితలోనూ 93వ సెక్షనులో ఆ మాట ఉంది. అందుకే భయపడి చీకట్లో వదిలిపోతారు. అయితే 2015 నాటి బాలల న్యాయ చట్టంలో వేరే దారి ఉంది. తమ చేతిలో లేని శారీరక, మానసిక, సామాజిక కారణాల వల్ల బిడ్డను పెంచలేని తల్లిదండ్రులు, జిల్లా బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగించవచ్చు. సమితిలో అధ్యక్షులు గాక నలుగురు సభ్యులుంటారు, ఒక్క స్త్రీ అయినా తప్పనిసరి. ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు, వేరే మార్గం ఏమైనా ఉందేమో అడుగుతారు. తర్వాత అప్పగింత పత్రం మీద సంతకం. పెళ్ళికాని తల్లి అయితే ఆమె సంతకం ఒక్కటే చాలు. వివరాలు గోప్యంగా ఉంచాలి. గత్యంతరం లేక వదిలిన కన్నవారి మీద, ఆ చట్టంలో బిడ్డల పట్ల క్రూరత్వానికి పెట్టిన శిక్ష వర్తించదని కూడా రాశారు.

అన్నిటికంటే నాకు నచ్చింది, సంతకం పెట్టిన తర్వాత రెండు నెలల గడువు. మనసు మారితే ఆ రెండు నెలల్లో వచ్చి బిడ్డను తీసుకువెళ్ళొచ్చు. బాలింత మనసు మొదటి పదిరోజుల్లో ఒకలా ఉంటుంది, నలభయ్యో రోజుకి ఇంకోలా ఉంటుంది. మనందరం కన్నవాళ్ళమే, వేరే చెప్పాలా? చట్టం రాసినవాళ్ళకి ఆ సంగతి తెలిసినట్టుంది.

ఇక బిడ్డ వైపు నుంచి ఒక ప్రశ్న మిగిలింది. తల్లి పేరు దాచాం, సరే. పెరిగి పెద్దయ్యాక ఆ బిడ్డ “నేనెవరిని?” అని అడిగితే? ఫ్రాన్సులో ఇప్పటికీ తల్లి ఆస్పత్రిలో తన పేరు చెప్పకుండా కనవచ్చు. అక్కడ అలా పుట్టినావిడ ఒకరు తల్లి ఎవరో చెప్పమని యూరపు మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2003లో కోర్టు తల్లి రహస్యం వైపే తీర్పు చెప్పింది. దానికి ముందే, 2002లో, ఫ్రాన్సు మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. తల్లి తన పేరును మూసిన కవరులో పెట్టి ఇవ్వొచ్చు. బిడ్డ అడిగితే సంస్థవాళ్ళు ముందు తల్లిని వెతికి, చెప్పనా వద్దా అని అడుగుతారు. మన దేశంలోనూ దత్తత వెళ్ళిన బిడ్డ 18 ఏళ్ళు నిండాక తన మూలాలు వెతకమని అర్జీ పెట్టుకోవచ్చు. అప్పగించిన తల్లి వద్దంటే ఆమె పేరు చెప్పరు. ఎందుకు అప్పగించాల్సి వచ్చిందో మాత్రం చెబుతారు.

ఆ కారణం పత్రంలో ఎవరో గుమాస్తా రెండు ముక్కల్లో రాసేసేది కాకుండా, తల్లి తన నోటితో చెప్పింది చెప్పినట్టు రాస్తే బాగుంటుందని నాకనిపిస్తుంది. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ బిడ్డ చదివేది ఆ కాగితమే. సగం పతకం లాంటిది అది.

మీ వీధిలోనో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయి ఇంట్లోనో ఇలాంటి కష్టం వస్తే 1098 అనే ఫోను నంబరు ఉంది. డబ్బు పడదు, రాత్రయినా పగలయినా పలుకుతారు. బాలల సంక్షేమ సమితి ఎక్కడుందో వాళ్ళే చెబుతారు, అవసరమైతే మనిషిని పంపుతారు. కన్నతల్లి మైనరయితే ఆమెతోపాటు వచ్చిన పెద్దవాళ్ళు సాక్షిగా సంతకం పెట్టాలి, కాబట్టి తోడు వెళ్ళండి. బాలింత కదా, వెళ్ళేటప్పుడు ఒక దుప్పటీ, ఫ్లాస్కులో వేడిపాలూ పట్టుకెళ్ళండి.